టిక్కు పెట్టే ముందు బండి పేరు అడగండి

ఎల్‌ఎల్‌ఆర్ దరఖాస్తులు నింపిపెట్టే నెట్ సెంటర్ల వారికి, డ్రైవింగ్ స్కూళ్ల నిర్వాహకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. లెర్నర్ లైసెన్సు, అంటే ఎల్‌ఎల్‌ఆర్, ఇచ్చేది ఆర్టీవో ఆఫీసే. కానీ దరఖాస్తులో ఏ రకం బండికి అన్న గడిలో టిక్కు పడేది చాలాసార్లు మీ వేలితోనే. వచ్చినవాళ్లు ఆధార్ కార్డు బల్ల మీద పెట్టి "ఎల్‌ఎల్‌ఆర్ తీయండి" అంటారు, అంతకు మించి చెప్పరు. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. కుర్రాడైతే బైకూ కారూ, ఆడపిల్లైతే గేరు లేని స్కూటీ అని అలవాటుగా నొక్కేయడం జరిగిపోతుంది. తర్వాత డ్రైవింగ్ పరీక్ష జరిగే ట్రాక్ దగ్గర, పోలీసు తనిఖీలో, బీమా క్లెయిములో బయటపడే చిక్కులు చాలా వరకు ఆ ఒక్క గడిలోనే పుడతాయి.

మేం కోరేది చిన్న మార్పు. "ఏ లైసెన్సు కావాలి?" అని అడక్కండి. "రేపటి నుంచి ఏ బండి నడుపుతారు?" అని అడగండి. వీలైతే ఆ బండి రిజిస్ట్రేషన్ పత్రమైన ఆర్‌సీ చూడండి. ఆ తర్వాతే గడి నింపండి.

ముందుగా పదహారేళ్ల వాళ్ల సంగతి. పదో తరగతి అయిపోగానే తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. పదహారు నిండితే లైసెన్సు వస్తుందని విని ఉంటారు. విన్నది అబద్ధం కాదు, సగం నిజం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 4వ సెక్షన్ ప్రకారం పదహారు నిండినవారు నడపగలిగింది 50 సీసీ మించని మోటారు సైకిల్ మాత్రమే. అది లూనాల కాలం నాటి లెక్క. ఇప్పుడు ఇళ్ల ముందు ఉండేవి 110, 125 సీసీ స్కూటర్లు. మోపెడ్ కదా అనుకునే టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100కి ఆ వంద పేరులోనే ఉంది. అంటే పదహారేళ్లకు తీసిన ఎల్‌ఎల్‌ఆర్ చేతిలో ఉన్నా, ఇంట్లో ఉన్న బండికి అది పనికిరాదు.

ఈ మాట తల్లిదండ్రులకు మీరు చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలియాలి. 2019 సవరణతో చట్టంలోకి 199ఏ సెక్షన్ వచ్చింది. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా ఎల్‌ఎల్‌ఆర్ గానీ లైసెన్సు గానీ ఇవ్వరు. మైనరుకు ఎల్‌ఎల్‌ఆర్ ఉంటే తల్లిదండ్రులకు మినహాయింపు ఉంది. అయితే ఆ ఎల్‌ఎల్‌ఆర్ ఏ బండికి ఇచ్చారో ఆ బండే నడుపుతూ ఉండాలి. 50 సీసీ ఎల్‌ఎల్‌ఆర్ పెట్టుకుని 110 సీసీ స్కూటర్ మీద దొరికితే ఆ మినహాయింపు అక్కరకు రాదు. కాబట్టి ఇంట్లో 50 సీసీ బండి నిజంగా ఉంటేనే ఈ దరఖాస్తు పెట్టండి. తల్లి, తండ్రి లేదా సంరక్షకుల రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. అలాంటి బండి లేకపోతే "పద్దెనిమిది నిండాక రండి" అని పంపేయండి. ఒక దరఖాస్తు డబ్బు పోతుంది, పోనివ్వండి.

ఎలక్ట్రిక్ స్కూటర్ల దగ్గరా ఇదే గందరగోళం. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, అలా ఆమోదం పొందిన బండిని చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. దానికి రిజిస్ట్రేషనూ లేదు, లైసెన్సూ అక్కర్లేదు. కానీ కొన్నాక స్పీడు లాక్ తీయించి నలభైలో పరుగెత్తిస్తే అది మోటారు వాహనమే, నడిపేవాడు లైసెన్సు లేనివాడే. ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉన్న ప్రతి బండికీ లైసెన్సు కావాలి.

పద్దెనిమిది నిండినవాళ్లలో తప్పు ఎక్కువగా గేరు దగ్గర జరుగుతుంది. గేరు లేని మోటారు సైకిల్, గేరున్న మోటారు సైకిల్ అని చట్టంలో రెండు తరగతులు వేరు. గేరు లేనిదానికి తీస్తే స్కూటర్ ఒక్కటే నడపాలి. గేరున్నదానికి తీస్తే వాడుకలో రెండూ నడుపుకోవచ్చు. ఆడపిల్ల అనగానే గేరు లేనిది నొక్కే అలవాటు ఇక్కడే నష్టం చేస్తుంది. రెండేళ్ల తర్వాత ఆమె ఉద్యోగానికి బైకు కొనుక్కుంటే మళ్లీ కొత్త ఎల్‌ఎల్‌ఆర్, మళ్లీ 30 రోజులు ఆగడం, మళ్లీ ట్రాక్ మీద 8 అంకె ఆకారంలో బండి తిప్పడం, పైగా లైసెన్సులో కొత్త తరగతి చేర్చడానికి 500 రూపాయలు. గేరు బండి నేర్చుకునే ఉద్దేశం ఏ కాస్త ఉన్నా గేరున్నదానికే పెట్టండి. అయితే ట్రాక్ పరీక్షకు కూడా గేరు బండే తేవాలన్న సంగతి అప్పుడే చెప్పండి. ఏ తరగతికి దరఖాస్తో ఆ తరగతి బండి మీదే పరీక్ష. గేరు బైకుకు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని పక్కింటివాళ్ల స్కూటర్ మీద ట్రాక్‌కు వచ్చేవాళ్లను బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వెనక్కి పంపిస్తారు.

కార్లలో అలాంటి విభజన లేదు. ఆటోమేటిక్ అయినా, గేర్లున్నదైనా లైట్ మోటార్ వెహికల్ అన్న ఒకే తరగతి. బైకూ కారూ రెండూ నేర్చుకునేవారికి ఒకే ఎల్‌ఎల్‌ఆర్‌లో రెండు తరగతులు పెట్టొచ్చు. కేంద్ర నిబంధనల్లో ఎల్‌ఎల్‌ఆర్ రుసుము తరగతికి 150 రూపాయలు, పరీక్షకు 50. బైకు ఒక్కటే అయితే 200, కారు కూడా అయితే 350. తర్వాత ట్రాక్ పరీక్షకు తరగతికి 300, కార్డుకు 200. వీటి మీద రాష్ట్ర సేవా రుసుములు ఉంటాయి, మీ పని కూలి వేరే ఉంటుంది. దయచేసి ఆ మూడూ విడివిడిగా రాసిన చీటీ ఇవ్వండి. మొత్తం ఒకే అంకెగా చెప్పడం వల్లే "ఆర్టీవోలో ఇంత కట్టాం" అన్న అపోహ ఊళ్లో తిరుగుతుంది. కారు ఎప్పుడో కొంటారు కాబట్టి ఇప్పుడే పెట్టేద్దాం అనే సలహా మాత్రం మాకు నచ్చదు. ఆరు నెలల్లో కారు నేర్చుకోకపోతే ఆ తరగతికి కట్టిన డబ్బు వృథా.

రైతులు అడిగేది ట్రాక్టర్ గురించి. ఖాళీ బరువు 7,500 కిలోలు మించని ట్రాక్టర్ లైట్ మోటార్ వెహికల్ కిందికే వస్తుంది. పొలం పనుల ట్రాక్టర్లన్నీ దాదాపు ఆ లోపువే. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టర్ లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ట్రాక్టర్ నడిపేవాడికి హెవీ లైసెన్సు (లారీలు, బస్సులది) కావాలని చెప్పి పంపకండి. ట్రాలీలో కూలీలను ఎక్కించుకుంటే బీమా రాదన్నది వేరే గొడవ, కానీ ఆ ముక్క కూడా చెవిన వేస్తే మంచిదే.

ఇక రవాణా వాహనాలు. ఇక్కడ 2024 నవంబరు 6 తర్వాత మాట మారింది. ఆ రోజు సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవారు మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనం నడపడానికి లైసెన్సు మీద విడిగా రవాణా అనుమతి రాయించుకోవడం, అంటే ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని తేల్చింది. పసుపు ప్లేటు కారుకూ, టాటా ఏస్ లాంటి చిన్న బండికీ ఆ లైసెన్సే చాలు. ఇక్కడ చూడాల్సింది సరుకుతో సహా మొత్తం బరువు. ఖాళీ బరువు కాదు, ఎత్తగలిగే సరుకు బరువూ కాదు. ఆర్‌సీలో గ్రాస్ వెహికల్ వెయిట్ అన్న వరుస ఉంటుంది, అదే చూడాలి. "చిన్న లారీయే కదా" అన్న కంటి అంచనాతో టిక్కు పెట్టొద్దు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు డీసీఎం వ్యాన్లలో ఒకటి ఈ గీతకు అటు, ఒకటి ఇటు ఉండొచ్చు.

ఆ తీర్పు ప్రమాదకర సరుకు మోసే బండ్లకు వర్తించదు. వంటగ్యాస్ సిలిండర్లు వేసుకెళ్లే బండి ఎంత చిన్నదైనా దానికి ప్రత్యేక శిక్షణ, ఎండార్స్‌మెంట్ ఉండాల్సిందే. ఈ-రిక్షాలదీ వేరే దారి. రవాణా వాహనాలకు ఉండే ఏడాది నిరీక్షణ వాటికి లేదు, కానీ కనీసం 10 రోజుల శిక్షణ ఉండాలి.

7,500 కిలోలు దాటిన లారీ, బస్సు నడపాలనుకునేవారికి మెట్లు ఎక్కువ. వయసు 20 నిండాలి. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు చేతికొచ్చి ఏడాది పూర్తవ్వాలి. ఆ ఏడాది ఎల్‌ఎల్‌ఆర్ తేదీ నుంచి కాదు, లైసెన్సు తేదీ నుంచి. పద్దెనిమిదికే కారు లైసెన్సు తీసుకున్నవాడు ఇరవై నిండగానే హెవీ ఎల్‌ఎల్‌ఆర్ పెట్టొచ్చు. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా బైకు లైసెన్సుతో గడిపి, డ్రైవరు ఉద్యోగం దొరికాక మీ దగ్గరికి పరుగెత్తుకొచ్చినవాడు మాత్రం ఇంకో ఏడాది ఆగాలి. బైకు లైసెన్సు పాతదైనా ఈ లెక్కలోకి రాదు. లారీ మీద పని చేయాలనుకునే కుర్రాళ్లకు పద్దెనిమిదిలోనే కారు లైసెన్సు తీసుకొమ్మని మీరు ఇచ్చే సలహా ఏడాది జీతంతో సమానం.

రవాణా వాహనాల లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధన 2019లో తీసేశారు. ఇంకా కొన్ని కౌంటర్ల దగ్గర మార్కుల మెమో అడుగుతున్నారంటే పాత అలవాటే. వయసు రుజువుకు మెమో పనికొస్తుంది, చదువు రుజువుగా అక్కర్లేదు. హెవీ లైసెన్సు దరఖాస్తుకు డ్రైవింగ్ స్కూలు ఇచ్చే శిక్షణ పత్రం, ఫారం 5, కావాలి. స్కూళ్ల వాళ్లకు ఇక్కడ ఒక మాట: రవాణా వాహనాల శిక్షణ కనీసం 30 రోజులు, అందులో స్టీరింగ్ పట్టేది 15 గంటలు ఉండాలి. కారుకైతే 21 రోజులు, 10 గంటలు. నాలుగు రోజులు తిప్పి ఫారం 5 మీద ముద్ర వేస్తే ఆ సంతకం మీదే. అలాగే ఫారం 5 ఉంటే ట్రాక్ పరీక్ష ఉండదని చెప్పి ఫీజు వసూలు చేయకండి. 2021 జూలై నుంచి అమల్లో ఉన్న ఆ వెసులుబాటు గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలకే. వాళ్లు ఇచ్చేది ఫారం 5బి. అక్కడ కారుకు 29 గంటలు, హెవీకి 38 గంటల కోర్సు. ఆ కేంద్రంలో నేర్చుకున్నా ఎల్‌ఎల్‌ఆర్ మాత్రం ఉండాల్సిందే.

వైద్య పత్రం గురించి. సొంత బండికి, 40 ఏళ్ల లోపు వారికి ఫారం 1 అనే స్వీయ ప్రకటన సరిపోతుంది. 40 దాటినవారికీ, వయసుతో నిమిత్తం లేకుండా రవాణా వాహనం కోరేవారికీ ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం కావాలి. ఆ ఫారంలో 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్' అని ఉంటుంది. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే డాక్టరు చదువు లేకుండా వైద్యం చేసే ఆయనని మీకు తెలుసు. ఆయన సంతకం ఇక్కడ చెల్లదు. ప్రభుత్వం ఇందుకు అధికారం ఇచ్చిన, రిజిస్ట్రేషన్ నంబరున్న డాక్టరే సంతకం పెట్టాలి. ఈ ఒక్క పేరు తికమక వల్ల స్లాట్ రోజున వెనక్కి వచ్చేవాళ్లు ఉన్నారు.

ఫారం 1 ని మీరే అన్నిటికీ 'లేదు' అని నింపేయడం ఇంకా పెద్ద తప్పు. మూర్ఛ, హఠాత్తుగా స్పృహ తప్పడం, రేచీకటి ఉన్నాయా, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా అని ఉంటుంది. అద్దాలు వాడేవారు అద్దాలతోనే చదవొచ్చు. ఈ ప్రశ్నలు చదివి వినిపించి, వాళ్ల నోటి నుంచి జవాబు తీసుకోండి. మీ కొట్టు ముందు రోడ్డుకు అవతల ఆగిన బండి నంబరు చదవమంటే పరీక్ష అక్కడే అయిపోతుంది. రంగులు సరిగా పోల్చలేనివారిని మాత్రం మీరే తిప్పి పంపేయకండి. కొద్దిపాటి, మధ్యస్థ స్థాయి వర్ణాంధత్వం ఉన్నా లైసెన్సు ఇవ్వొచ్చని 2020 జూన్‌లో నిబంధన మారింది. తీవ్రంగా ఉన్నవారికే రాదు. దరఖాస్తులో అవయవదానం గడి కూడా ఒకటుంది. అది వాళ్ల నిర్ణయం. అడక్కుండా అవుననీ పెట్టొద్దు, కాదనీ పెట్టొద్దు.

పేర్ల దగ్గర ఓపిక పట్టండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే. పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి 1 అని, మెమోలో ఇంకోటి అని ఉండేవాళ్లూ తక్కువేం కాదు. ఆధార్ ఈ-కేవైసీతో దరఖాస్తు పెడితే ఆధార్‌లో ఉన్నదే లైసెన్సులోకి వచ్చి కూర్చుంటుంది. తేడా కనిపిస్తే ముందు ఆధార్ సరిచేయించి రమ్మనండి. తర్వాత లైసెన్సులో మార్చడం కన్నా అదే తేలిక. ఊరు మారి ఉంటున్నవారిని సొంత ఊరి ఆర్టీవోకే వెళ్లమనక్కర్లేదు. 2019 సవరణ తర్వాత రాష్ట్రంలో ఏ లైసెన్సింగ్ అధికారి దగ్గరైనా దరఖాస్తు పెట్టొచ్చు.

పరీక్ష వాళ్లనే రాయనివ్వండి. 60 శాతం సరైన జవాబులు చాలు, 20 ప్రశ్నలుంటే 12. తప్పితే మళ్లీ 50 రూపాయలు, అంతే. అడిగేది గుర్తులు, సిగ్నళ్లు, రోడ్డు నియమాలు, ప్రమాదం జరిగితే డ్రైవరు చేయాల్సినవి, కాపలా లేని రైల్వే క్రాసింగ్ దగ్గర జాగ్రత్తలు, బండిలో ఉండాల్సిన కాగితాలు. చాలామంది తడబడేది గుర్తుల దగ్గర. గుండ్రంగా ఉన్నది ఆదేశం, త్రికోణం హెచ్చరిక, దీర్ఘచతురస్రం సమాచారం. ఆకారం పట్టుకుంటే సగం జవాబు దొరికినట్టే. మీ గోడ మీద ఆ మూడు ఆకారాల బొమ్మ ఒకటి అంటించండి. క్యూలో ఉన్నంతసేపు చూసుకుంటారు.

ఎల్‌ఎల్‌ఆర్ ప్రింటు చేతిలో పెట్టేటప్పుడు చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. అది ఒంటరిగా తిరగడానికి అనుమతి కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 3వ నిబంధన ప్రకారం ఆ బండికి లైసెన్సున్న శిక్షకుడు పక్కన, బండిని ఆపగలిగే చోట ఉండాలి. బైకు మీదైతే శిక్షకుణ్ని తప్ప వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు. కాలేజీ స్నేహితుణ్ని వెనకేసుకుని తిరిగే కుర్రాడు ఎల్‌ఎల్‌ఆర్ ఉండి కూడా నిబంధన తప్పినట్టే. ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. దానికీ కొలతలున్నాయి: తెల్లటి చదరం 18 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఎర్రటి ఎల్ అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు, 2 సెంటీమీటర్ల మందం, అడుగున 9 సెంటీమీటర్ల వెడల్పు. బజారులో దొరికే చిన్న స్టిక్కర్లు చాలా వరకు ఈ కొలతకు రావు. మీ దగ్గర రంగుల ప్రింటర్ ఉంటుంది, ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. 18 సెంటీమీటర్ల చదరం సునాయాసంగా పడుతుంది. ఒక ఫైలు చేసి పెట్టుకుని ప్రతి ఎల్‌ఎల్‌ఆర్‌తో పాటు రెండు కాపీలు తీసివ్వండి. లామినేషన్ డబ్బులు కావాలంటే తీసుకోండి.

ఇది చాదస్తం కాదు. సొంత కారు, బైకుల బీమా పాలసీలో డ్రైవర్ క్లాజు అని ఒకటుంటుంది. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారు నడపొచ్చని అందులో ఉంది, కానీ 3వ నిబంధన పాటిస్తూ ఉంటేనే. పక్కన శిక్షకుడు లేకుండా, ఎల్ బోర్డు లేకుండా గుద్దితే సొంత బండి మరమ్మతు క్లెయిము తిరస్కరించడానికి కంపెనీకి ఆ ఒక్క వాక్యం చాలు.

తేదీలు ప్రింటు మీదే పెన్నుతో రాసివ్వండి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాతే ట్రాక్ పరీక్ష. జనవరి 10న వస్తే ఫిబ్రవరి 9 నుంచి స్లాట్ పెట్టొచ్చు, జూలై 9తో గడువు తీరుతుంది. చాలామంది జూన్ చివరిదాకా మరిచిపోయి చివరి వారంలో స్లాట్ కోసం వస్తారు. ట్రాక్ మీద తప్పితే 7 రోజులు ఆగాలి, ఆ లోపు ఎల్‌ఎల్‌ఆర్ చచ్చిపోతుంది. మళ్లీ మొదటి నుంచి. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలన్న నియమం కూడా ఉంది కాబట్టి, మొదటి స్లాట్ రెండో నెలలోనే పెట్టుకొమ్మని చెప్పండి.

చివరగా, దరఖాస్తులో మీ ఫోన్ నంబరు వేయకండి. ఓటీపీ కోసం మళ్లీ మళ్లీ అడగడం ఎందుకని వేస్తారని తెలుసు. కానీ ఆ నంబరు అక్కడే ఉండిపోతుంది. ఏడాది తర్వాత చిరునామా మార్పుకో, డూప్లికేట్‌కో వాళ్లు ప్రయత్నిస్తే ఓటీపీ మీ ఫోనుకు వస్తుంది, అప్పటికి ఆ సిమ్ మీ దగ్గరే ఉండకపోవచ్చు. చిన్న ఫోనే అయినా సరే వాళ్ల నంబరే వేయండి, దరఖాస్తు నంబరు వాళ్ల ఫోనులో ఫొటో తీసి ఇవ్వండి.

ఇట్లు,
డ్రైవింగ్ శిక్షణ, లైసెన్సు కాగితాల పనిలో ఉన్న కొందరం